రంగు ఆరేదాకా

నేను కోచింగ్ కోసం అశోక్ నగర్‌లో ఉన్న కాలంలో అక్కడ ఎవరిని పలకరించినా కాబోయే ఆఫీసరే. టీ బండి దగ్గర బిస్కెట్ ముంచుకు తింటున్నతను కాబోయే డీఎస్పీ, మా ఆడపిల్లల హాస్టల్ మెట్ల మీద తడిజుట్టు ఆరబెట్టుకుంటున్న అమ్మాయి కాబోయే ఆర్డీవో, ఆమె పక్కనే రాజ్యాంగం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నిద్రపోతున్న నేను కాబోయే డిప్యూటీ కలెక్టర్‌ని. ఊళ్లో మా నాన్న అప్పటికే కనబడ్డవాళ్లందరికీ "మా బిడ్డ పట్నంల పెద్ద పరీక్షకు తయారైతున్నది" అని చెప్పేసి ఉన్నాడు. ఆ పెద్ద పరీక్ష ఫలితాలు రానే వచ్చాయి. నా నంబరు తప్ప చుట్టుపక్కల నంబర్లన్నీ ఉన్నాయి. (నా ముందు బెంచీలో కూర్చుని పరీక్షంతా గోళ్లు కొరుక్కున్న పిల్ల నంబరు కూడా ఉంది. ఆ సంగతి నేనింకా మర్చిపోలేదు.) ఇంటికి వెళితే సంబంధాలు చూస్తారు, వెళ్లకుండా ఉండాలంటే ఏదో ఒక పని చేసుకోవాలి. నాకు చేతనైన పని ఒక్కటే. డిగ్రీ చదివే రోజుల్లో మా తాలూకా కేంద్రంలోని ఫొటో స్టూడియోలో కూర్చుని, పెళ్లికొడుకుల మొహాల మీద మచ్చలు చెరిపి, వాళ్ల వెనకాల జలపాతాలు పెట్టేదాన్ని. ఆ విద్యను నమ్ముకుని ఒక కాగితం మీద "కంప్యూటర్ నేర్పబడును. ఇంటికి వచ్చి, ఒక్కొక్కరికే, ఓపికగా. బొమ్మలు వేసేవారికి ప్రత్యేకం" అని రాసి, కోచింగ్ సెంటర్ల పోస్టర్ల మధ్య దొరికిన జానెడు జాగాలో అంటించాను. ఒక్కొక్కరికే అని ఎందుకు రాశానంటే, ఇద్దరు వస్తే కూర్చోబెట్టడానికి నాకు చోటు లేదు. ఓపికగా అన్న మాట మా రూమ్మేట్ చేర్చింది. ఆ మాట అబద్ధమని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు.

వచ్చిన మొదటి ఫోన్లో ఒక పెద్దావిడ గొంతు. "అమ్మాయ్, బొమ్మలు వేసేవాళ్లకి ప్రత్యేకం అని రాశావుట కదా, మా ఆయన బొమ్మలు వేస్తారు, కానీ ఆయనకి కోపం ఎక్కువ, నీకు ఫర్వాలేదా?" అని అడిగింది. "నాక్కూడ కోపం ఎక్కువేనండీ" అన్నాను. "అయితే సరిపోయింది, రేపు రా" అంది. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తులో వాళ్ల ఇల్లు. తలుపు తీయగానే గుమ్మంలోనే ఆగిపోయాను. హాలు నిండా దేవుళ్లు. గోడల మీద, బీరువా మీద, మంచం కింద, ఎక్కడ చూసినా లక్ష్మి, వినాయకుడు, వెంకటేశ్వరస్వామి. క్యాలెండర్లకూ శుభలేఖలకూ దేవుళ్ల బొమ్మలు వేసే ఆర్టిస్టు ఆయన. ఊళ్లో మా వంటింట్లో సంవత్సరాల తరబడి వేలాడిన క్యాలెండర్ లక్ష్మి అక్కడ అట్టముక్క మీద అసలు రూపంలో కనిపించింది. "సార్, ఈ లక్ష్మికి మొక్కే నేను పదో తరగతి పాసైన!" అన్నాను పట్టలేక. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "ఏ చీర? గులాబీయా, ఎరుపా?" అన్నారు. గులాబీ అన్నాను. "ఆ ఏడాది మంచి ఎరుపు దొరక్క గులాబీ వేశాను. పాసయ్యావు కదా, పోన్లే" అన్నారు. ఆయన్ని నేను సార్ అన్నాను. ఆయన నన్ను పంతులమ్మా అన్నారు. ఆవిడని ఆంటీ అనబోతే, "ఆంటీ అనకు, నాకు కింద వాటా వాళ్లావిడ గుర్తొస్తుంది, అత్తయ్యా అను" అంది. వాళ్ల పెద్దవాళ్లు ఎప్పుడో గుడివాడ నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారట. మాటలో మాత్రం ఆ నీళ్లు ఇంకా ఇంకిపోలేదు.

ఆ వయసులో ఆయనకు కంప్యూటర్ ఎందుకంటే, దాని వెనకాల నారాయణగూడ ప్రెస్సు సేటు ఉన్నాడు. సారు బొమ్మలన్నీ అచ్చయ్యేది అక్కడే. సేటు చెడ్డవాడు కాదు. కానీ అతని దగ్గరికి క్యాలెండర్లు వేయించుకోవడానికి వచ్చేవాళ్లలో ఒక దుకాణదారు అమ్మవారికి పచ్చచీర కట్టమంటాడు, ఇంకొకాయన మా బోర్డు రంగు నీలం కాబట్టి నీలం చీర కట్టమంటాడు. కాగితం మీద వేసిన చీర మారాలంటే బొమ్మంతా మళ్లీ వేయాలి. అందుకని సేటు తేల్చి చెప్పేశాడు. ఈసారి పుస్తకాల దుకాణం వాళ్ల క్యాలెండర్‌కి సరస్వతి కావాలి, దసరాలోపు కంప్యూటర్‌లో వేసి తెస్తే సరే, లేదంటే నెట్‌లో ఏ బొమ్మ దొరికితే అది పెట్టుకుంటాను అన్నాడట. "నా బొమ్మ లేకుండా ఆ ప్రెస్సులోంచి క్యాలెండర్ బయటికి వెళ్లిన ఏడాది లేదమ్మా" అన్నారు సారు. గట్టిగానే అన్నారు గానీ, అంటూ చేతిలో కుంచెను అటూ ఇటూ దొర్లించారు. పోతే ఆయన పోగొట్టుకునేది ఒక్క బొమ్మ కాదని నాకు అప్పుడే అర్థమైంది. నా సంగతీ అంతే. మొదటి శిష్యుడే తప్పితే, నేను మూటాముల్లే సర్దుకుని ఊరి బస్సెక్కడమే.

కంప్యూటర్ అప్పటికే ఇంట్లో సిద్ధంగా ఉంది. సికింద్రాబాద్‌లో పాతది చూసి కొన్నారు. దాంతోపాటు పెన్నుతో గీస్తే తెర మీద గీత పడే పలక కూడా కొన్నారు. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక యూపీఎస్ కూడా ఉంది గానీ, అది కూయడానికి తప్ప మరెందుకూ పనికొచ్చేది కాదు. కరెంటు పోగానే ఒక్క కూత కూసి, కంప్యూటర్‌తోపాటే అదీ కళ్లు మూసేది. మొదటి రోజు నేను వెళ్లేసరికి అత్తయ్య అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. మౌసు ఎంత జరిపినా తెర మీద బాణం కదలదు. తిరగేసి చూస్తే, కింద ఎర్రగా వెలిగే చోటు ఉంటుంది కదా, అదే దాని నుదురనుకుని సరిగ్గా అక్కడ కుంకుమ దిద్దింది. "అత్తయ్యా, అది దాని కన్ను" అన్నాను దూదితో తుడుస్తూ. "అయ్యో తల్లీ, కంట్లో పెట్టానా!" అని ఆవిడ మౌసుకు దణ్ణం పెట్టింది.

సారుతో చిక్కు వేరే రకం. జీవితమంతా బొమ్మలు వేసినవాళ్లు చెయ్యి తిప్పరు, కాగితాన్ని తిప్పుతారు. వీణ వంపు గీయాలంటే కాగితం ఇటు, హంస మెడ గీయాలంటే అటు. ఆయన అలవాటుగా పలకను తిప్పారు. ఇక్కడ పలక తిప్పితే తెర తిరగదు కదా, హంస మెడ నిక్కబొడుచుకుని అమ్మవారి చెవిలోకి దూరింది. "సార్, పలకను తిప్పొద్దు, తిప్పితే గీత అడ్డంపోతది" అని నేను మొత్తుకున్నాను. మర్నాడు వెళ్లి చూస్తే ఆయన పలకకు తగ్గట్టు తెరనే పక్కకు పడుకోబెట్టి, రెండు దిండ్లు ఆనించి, మెడ వంచి గీస్తున్నారు. తీగలు ఊడి వేలాడుతున్నాయి. తెర నల్లగా ఉంది. ఆయన మాత్రం గీస్తూనే ఉన్నారు. "ఇప్పుడు బానే వస్తోందమ్మా, కనిపించడం లేదంతే" అన్నారు. (ఓపికగా అని రాసిన కాగితాన్ని ఆ సాయంత్రం వెళ్లి పీకేశాను.)

పొరల సంగతి చెప్పడానికి మాత్రం నేను పడ్డ పాట్లు ఆ దేవుళ్లకే తెలుసు. చీర ఒక పొర మీద, వీణ ఒక పొర మీద, వెనకాల చెరువు ఇంకో పొర మీద, దేన్ని మార్చినా తక్కినవి చెదరవు అని గాజు పలకలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను. ఆయన తల ఊపారే గానీ మొహంలో వెలుగు లేదు. వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. "దానికంత కథెందుకండీ, పులిహోరలా కలిపెయ్యకుండా విస్తట్లోలా వేరువేరుగా వడ్డించమంటోంది ఆ పిల్ల. పచ్చడి నచ్చకపోతే పచ్చడే తీసేయచ్చు." ఆ దెబ్బతో ఆయనకు పొరలు వచ్చేశాయి. అప్పటి నుంచి ఫైల్‌లో ఒక్కో పొరకూ ఆయన పెట్టిన పేర్లు అన్నం, పప్పు, కూర, పచ్చడి. సరస్వతీదేవి చీర పేరు పప్పు.

ఇక రంగు దగ్గరికి వచ్చాం. ఆకాశానికి నీలం నింపారు. నింపి, పెన్ను పక్కన పెట్టి, ఫ్యాను కంప్యూటర్ వైపు తిప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను కాసేపు చూశాను. "ఏమైంది సార్?" అన్నాను. "ఆరనీయమ్మా" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "సార్, దీంట్ల తడి ఉండదు. మీరు ఎంటనే ఇంకో రంగు ఎయ్యొచ్చు" అన్నాను. "తడి లేదని నాకు తెలుసమ్మా. నాకు తెలుసు, నా చేతికి తెలీదు" అన్నారు. ఈలోపు అత్తయ్య కాఫీ తెచ్చింది. ఇద్దరూ తెర ముందు కూర్చుని, మార్కెట్లో బీరకాయల ధర గురించీ, కింద వాటా వాళ్ల కుక్క గురించీ, పెళ్లయిన కొత్తల్లో ట్యాంక్‌బండ్ మీద ఎవరు ఎవరిని వదిలేసి నడిచారన్న పాత తగువు గురించీ మాట్లాడుకున్నారు. ప్రతి రంగుకూ ఇదే వరస. నాకేమో కాళ్ల కింద నిప్పులు పోసినట్టుగా ఉండేది. "టైమ్ వేస్టయితున్నది సార్!" అని ఎన్నిసార్లు అన్నానో.

అంతకంటే పెద్ద గొడవ సేవ్ దగ్గర వచ్చింది. సేవ్ కొడితే కంప్యూటర్ పేరు అడుగుతుంది కదా. ఆయన ససేమిరా అన్నారు. దేవుడి బొమ్మకు కళ్లు ఆఖరున పెడతారు. స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, కళ్లు దిద్దుతారు. అప్పుడే అది దేవుడు, అప్పటిదాకా ఒట్టి రంగు. వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. "కళ్లు తెరవని బొమ్మకి పేరు పెట్టకూడదమ్మా, పుట్టని పిల్లకి బారసాల చేస్తామా?" అన్నారు. "సార్, అది దేవునికి పేరు కాదు, ఫైల్‌కు పేరు. జర సేవ్ కొట్టుండ్రి సార్, మీకు దండం పెడ్త" అన్నాను. "ఇవాళ సాయంత్రానికి కళ్లు పెట్టేస్తాను, అప్పుడు కొడతా" అన్నారు. ఆయన కోపమూ నా కోపమూ కాసేపు ఎదురెదురుగా కూర్చున్నాయి. చివరికి ఆయన కోపమే గెలిచింది, ఎంతైనా దానికి అనుభవం ఎక్కువ.

మీరు ఊహించిందే జరిగింది. పొద్దుటి నుంచి కూర్చుని చీరకు జరీ వేశారు, హంసకు ఈకలు దిద్దారు, వీణ తీగలు ఒక్కొక్కటిగా లాగారు. కళ్లు తప్ప అన్నీ అయ్యాయి. ఆయన స్నానానికి లేచారు. తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూమ్ తలుపు దగ్గరికి వెళ్లారో లేదో, ఫ్యాను ఆగిపోయింది. యూపీఎస్ ఒక్క కూత కూసింది. అంతే. తెర మీద అమ్మవారు లేరు. ఆయన వెనక్కి వచ్చి, నల్లటి తెరకేసి చూస్తూ నిలబడిపోయారు. ఏడ్చింది నేను. పరీక్ష తప్పినప్పుడు కూడా అంత ఏడవలేదు. అత్తయ్య నా తల ఒళ్లోకి తీసుకుని, "ఊరుకో అమ్మా, బొమ్మ పోయింది గానీ ఆయన చెయ్యి పోలేదుగా" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, "అయినా మీ చాదస్తం కాకపోతే, బారసాల అయ్యేదాకా పిల్లని పిలవకుండా ఉంటామా? బుజ్జి అనో చిట్టి అనో అనమూ? అలాగే అనండి, ఎవరొద్దన్నారు?" అంది. సారు భుజం మీది తువ్వాలు తీసి కుర్చీకి వేశారు. "బుజ్జి అనచ్చు. తప్పులేదు" అన్నారు. ఇంత చిన్న ఉపాయం నాకు ముందే ఎందుకు తట్టలేదో! కరెంటు రాగానే ఖాళీ తెర మీద మొట్టమొదట చేసిన పని, బుజ్జి అని సేవ్ కొట్టడం.

సేటు పెట్టిన గడువు దగ్గర పడింది. ఇక నేను కఠినంగా మారిపోయాను. "సార్, ఈసారి ఆరబెట్టుడు లేదు. రంగు ఎయ్యాలె, సేవ్ కొట్టాలె, ఇంకో రంగు ఎయ్యాలె. గంతే" అన్నాను. అంత కోపిష్టి మనిషి, చిన్నపిల్లాడిలా సరే అన్నారు. ఫ్యాను మా వైపు తిరిగింది. పని ఎంత చురుగ్గా సాగిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. నీలం మీద తెలుపు, తెలుపు మీద బంగారు. అయితే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. అత్తయ్య కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది, ఆయన వంచిన తల ఎత్తలేదు, వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే గట్టు మీద కాఫీ మీగడ కట్టి ఉంది. ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతూ, నా వైపు చూడకుండానే అంది. "ఆయన పనిలో కూర్చుంటే పలకరు పిల్లా. పెళ్లయినప్పటి నుంచి మేం మాట్లాడుకున్నదంతా రంగు ఆరేలోపే. మీ కంప్యూటర్‌లో రంగు ఆరక్కర్లేదుట కదా. మంచిదేలే, పని తొందరగా అవుతుంది."

ఇన్నాళ్లూ నేను వేస్ట్ వేస్ట్ అని గోల పెట్టిన టైమ్ అంతా ఆవిడ కాపురం. హాల్లోకి వచ్చాను. బొమ్మలు వేసేవారికి ప్రత్యేకంగా కంప్యూటర్ నేర్పే నేను, ఆ పూట నా విద్యకే మచ్చ తెచ్చే పాఠం ఒకటి చెప్పాను. "సార్, మీకొక ముచ్చట చెప్పుడు మర్చిపోయిన. పెద్ద రంగు ఏసి సేవ్ కొట్టినంక కంప్యూటర్‌ను జరసేపు ముట్టుకోవద్దు. లోపల రంగు మంచిగ పట్టాలె. గడబిడ చేస్తే బుజ్జి ఖరాబైతది." ఆయన పెన్ను ఆపి, కళ్లజోడు మీదుగా నన్ను చూశారు. అంతసేపు చూశారంటే, అబద్ధమని ఆయనకు తెలిసిందనే ఇప్పటికీ నా నమ్మకం. "నిన్న చెప్పలేదేం?" అన్నారు. "నిన్న చిన్న రంగులు కద సార్" అన్నాను. ఆయన సేవ్ కొట్టారు. పెన్ను కింద పెట్టారు. ఫ్యానును మెల్లగా కంప్యూటర్ వైపు తిప్పి, వంటింటి వైపు చూసి, "ఏమేవ్, కాఫీ ఏదీ? రంగు ఆరుతోంది" అని కేకేశారు. చేతిలో గోరుచిక్కుళ్ల పళ్లెంతో సహా వచ్చేసింది అత్తయ్య.

గడువుకు ముందురోజు పొద్దున్నే స్నానం చేసి ఆయన కళ్లు దిద్దారు. కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను. అప్పటిదాకా మామూలుగా ఉన్న బొమ్మ కాస్తా ఒక్కసారిగా మా వైపు చూసింది. అత్తయ్య హారతి పళ్లెం తెచ్చింది. "ఇప్పుడు పేరు పెట్టమ్మా పంతులమ్మా" అని ఆయన జరిగి నాకు చోటిచ్చారు. బుజ్జి చెరిపి, సరస్వతి అని నేనే కొట్టాను.

ముగ్గురం ఆటో ఎక్కి, సరస్వతిని పెన్ డ్రైవ్‌లో పెట్టి, పెన్ డ్రైవ్‌ను అత్తయ్య పసుపు డబ్బాలో పెట్టుకుని, నారాయణగూడ ప్రెస్సుకు వెళ్లాం. సేటు తన కంప్యూటర్‌లో బొమ్మ తెరిచి చాలాసేపు చూశాడు. "మంచిగుంది సారూ. మీ చెయ్యే కనబడుతున్నది. మరి దుకాణపాయన పచ్చచీర కావాలన్నడు. ఇప్పుడు నా ముంగట మార్చుండ్రి, చూస్త" అన్నాడు. అసలు పరీక్ష ఇదే. సారు కుర్చీలో కూర్చున్నారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన పప్పు అన్న పొరను వెతికి పట్టుకున్నారు, పచ్చ రంగు ఎంచుకున్నారు, ఒక్క నొక్కు నొక్కారు. తెల్లచీర కాస్తా చిలకపచ్చ అయింది. హంస కదల్లేదు, వీణ చెదరలేదు. సేవ్ కొట్టారు. ఆ తర్వాత మౌసు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు.

సేటు తెరకేసి చూశాడు, సారుకేసి చూశాడు. "ఏంది సారూ, సిస్టం హ్యాంగయిందా?" అన్నాడు. అత్తయ్య అప్పటికే స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, "ఆ మూలన చూశారా, పాత వినాయకుడి అచ్చు బ్లాకు, మనదే" అని మొదలుపెట్టింది. చెప్పక తప్పింది కాదు. "హ్యాంగ్ కాలే సేట్. ఆరుతున్నది" అన్నాను. సేటు మళ్లీ వాళ్లిద్దరినీ చూశాడు. వ్యాపారస్థుడే గానీ మనిషి. గుమ్మం వైపు తిరిగి, "అరే, నాలుగు చాయ్ చెప్పుండ్రి. సారు రంగు ఆరుతున్నదంట" అని కేకేశాడు. ఆ ఏడు పుస్తకాల దుకాణం క్యాలెండర్ మీద సారు సరస్వతే వచ్చింది, పచ్చచీర కట్టుకుని. ఒకటి మా ఊరికి పంపాను. మా అమ్మ దాన్ని గులాబీ లక్ష్మి పక్కన తగిలించింది.

నేను డిప్యూటీ కలెక్టర్‌ని కాలేదు. ఇన్నేళ్లుగా చిత్రకారుల ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్కరికే, కంప్యూటర్ నేర్పుతూనే ఉన్నాను. ఓపిక కొంచెం వచ్చిందని మా ఆయన అంటాడు గానీ, అది కూడా భయంతో అన్న మాటేనేమో. పోయిన నెల నారాయణగూడలో ఒక పాఠం ముగించుకుని, దారే కదా అని చిక్కడపల్లి మెట్లెక్కాను. సారు ఈమధ్య బొమ్మలు వేయడం లేదు. చెయ్యి కాస్త వణుకుతోందట. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి చూస్తే, కంప్యూటర్ మీద పూలగుడ్డ కప్పి ఉంది. ఫ్యాను దాని వైపే తిరిగి ఉంది. దాని ముందు రెండు కుర్చీల్లో ఇద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని, ట్యాంక్‌బండ్ మీద ఎవరు ఎవరిని వదిలేసి నడిచారో తేల్చుకుంటున్నారు. "ఏం చేస్తున్నరు సార్?" అన్నాను. ఆయన తల తిప్పకుండానే, "ఆరనిస్తున్నాం పంతులమ్మా" అన్నారు. ఒకప్పుడు ఇదే హాల్లో తీగలు చేత్తో పట్టుకుని టైమ్ వేస్ట్ టైమ్ వేస్ట్ అని గెంతులేసిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. అవతల ఇంకో పాఠానికి టైమవుతోంది. నేను కూడా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.